"కూతురు లాంటిది" అంటే కూతురు కాదనేనా? (సుజాత సినిమా చూశాక)

గోదారిగట్టు
ఆదివారం మధ్యాహ్నం మా అత్తగారు, నేను, మా పాప కూర్చుని "సుజాత" చూశాం. 1959 నాటి బెంగాలీ సినిమా. బిమల్ రాయ్ తీశాడు, నూతన్, సునీల్ దత్ ఉన్నారు. అత్తగారికి పాత పాటలంటే ప్రాణం, ఆవిడ కోసమే పెట్టాను. మా పాపని మేం దత్తత తీసుకున్నాం. ఇప్పుడు పదకొండేళ్ళు. తనకి ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ సంగతి తెలుసు, దాపరికం ఏమీ లేదు.

చూడనివాళ్ళకి కథ రెండు ముక్కల్లో చెప్తాను. ఇంజనీరు ఉపేన్, ఆయన భార్య చారు. వాళ్ళ పాప రమ పుట్టినరోజు నాడు, కలరాతో తల్లీ తండ్రీ పోయిన పసిగుడ్డుని కూలీలు తీసుకొచ్చి వాళ్ళింట్లో దించుతారు. అంటరాని కులం పిల్ల. వాళ్ళు బ్రాహ్మలు. ఇదిగో పంపిస్తాం, అదిగో పంపిస్తాం అంటూనే పిల్ల ఇంట్లో పెరిగిపోతుంది. చారు అందరికీ "బేటీ జైసీ హై" అని పరిచయం చేస్తుంది. కూతురు అనదు, కూతురు లాంటిది అంటుంది. రమకి అనుకున్న సంబంధం కుర్రాడు అధీర్ ఈ పిల్లని ప్రేమిస్తాడు. ఇంట్లో రాద్ధాంతం. చారు మెట్ల మీంచి పడుతుంది, రక్తం కావాలి, సుజాతది సరిపోతుంది, ఇస్తుంది. అప్పుడు చారు కళ్ళు తెరిచి కూతురని ఒప్పుకుంటుంది. శుభం.

నా బాధ ఆ "అప్పుడు" దగ్గరే. ఇరవయ్యేళ్ళు ఇంట్లో తిరిగిన పిల్ల ఒక సీసా రక్తం ఇస్తే గానీ కూతురు కాలేదా? కడుపున పుట్టిన రమ ఏం ఇచ్చిందని కూతురైంది?

ఇంకో సంగతి. పోయిన నెల పక్కింట్లో పేరంటానికి వెళ్తే మా అత్తగారు ఎవరికో పాపని చూపించి "మా మనవరాలు లాంటిదే" అన్నారు. ప్రేమగానే అన్నారు, కాదనను. ఆవిడ చేతి ముద్ద లేకపోతే పాప అన్నం తినదు. కానీ ఆ "లాంటిదే" నా చెవిలో ఉండిపోయింది. సినిమాలో ఆ మాట వచ్చినప్పుడు నేను అత్తగారి వైపు చూడలేదు. పాప చూసింది.

రక్తం సీను అయ్యాక పాప అడిగిన ప్రశ్న: "అమ్మా, నా బ్లడ్ గ్రూపు ఏంటి?"

పాతరీలు
ముందుగా ఒక దిద్దుబాటు. సుజాత బెంగాలీ సినిమా కాదు, హిందీ సినిమా.

ఖరగ్‌పూర్_కుర్రాడు
పాతరీలు గారూ, డైలాగులు మాత్రమే హిందీ అండీ. కథ సుబోధ్ ఘోష్‌ది, బెంగాలీలో రాసింది. దర్శకుడు ఢాకా వైపు పుట్టి కలకత్తా న్యూ థియేటర్స్‌లో పని నేర్చుకున్నవాడు. సంగీతం సచిన్ దేవ్ బర్మన్. పడవవాడి పాట "సున్ మేరే బంధు రే" ఆయనే స్వయంగా పాడాడు. అది అచ్చం భటియాలీ, తూర్పు బెంగాల్ నదుల మీద పడవవాళ్ళు పాడుకునే బాణీ. సినిమా మధ్యలో వచ్చే నాటకం టాగోర్ చండాలిక, అంటరాని పిల్ల కథ. చివరికి పాత్రల పేర్లు కూడా చారు, ఉపేన్, అధీర్. ఇంక బెంగాలీ కానిది ఏం మిగిలింది?

పాతరీలు
భాష.

రెండో_ఆట
😂 పాయింటే.

రెండో_ఆట
నాకు గుర్తున్నదల్లా ఫోన్‌లో పాట మొత్తం పాడే హీరో. "జల్తే హై జిస్కే లియే". ఆ రోజుల్లో ట్రంకాల్ బిల్లు ఎంతయ్యుంటుందో.

పాతరీలు
లోకల్ కాలే లెండి. తలత్ మహమూద్ గొంతు కాబట్టి ఎక్స్ఛేంజీ వాళ్ళు కూడా లైను కట్ చేసి ఉండరు.

సూటిగా_చెప్తా
గోదారిగట్టు గారూ, మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు. పెద్దావిడ నోటికొచ్చిన మాట అన్నారు, అంతే. అయినా రక్తసంబంధం రక్తసంబంధమే, ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. సినిమావాడు కూడా అదే చెప్పాడుగా. రక్తం కలిశాకే తల్లీకూతుళ్ళయ్యారు.

గోదారిగట్టు
సూటిగా గారూ, సరిగ్గా అదే నా ఫిర్యాదు. రక్తం ముఖ్యం కాదని చెప్పాల్సిన సినిమా, రక్తం ఎక్కించి మరీ కూతుర్ని చేసింది.

పెంకుటిల్లు
నాకు చారు మీద అంత కోపం రాలేదు. ఆవిడకి మొదటి నుంచీ ఆ పిల్ల మీద ప్రేమే. పసిపిల్ల ఏడుస్తుంటే తట్టుకోలేక వెళ్తుంది, మళ్ళీ జనం ఏమనుకుంటారో అని వెనక్కి లాక్కుంటుంది. ఇంటికొచ్చిన పండితుడు అంటరానివాళ్ళ ఒంట్లోంచి విషవాయువు వస్తుందని శాస్త్రం చెప్పినట్టు చెప్తాడే, అలాంటివాళ్ళ మధ్య బతకాలి ఆవిడ. నాకు కోపం ఉపేన్ మీద. అందరూ ఆయన మంచివాడంటారు. మంచివాడే. పిల్లని ముద్దు చేస్తాడు, పేరు పెట్టి పిలుస్తాడు. మరి రమ కాలేజీకి వెళ్తుంటే సుజాత ఇంట్లో వంటా వార్పూ చూసుకుంటూ ఉంటుంది కదా, ఆ మంచాయన నోరెందుకు పెగల్లేదు? చారు పైకి అనేసింది కాబట్టి దొరికిపోయింది. ఆయన ఏమీ అనకుండానే అదే పని చేశాడు.

గోదారిగట్టు
ఇది నాకు తట్టలేదు. నిజమే.

నల్లకోటు
చట్టం సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఉపేన్ ఒకవేళ నోరు విప్పినా ఆయన చేతిలో ఏమీ లేదు.

సినిమా 1959లో వచ్చింది. అప్పటికి సుజాతకి ఇరవై ఉంటాయనుకుంటే, పసిపిల్లగా ఆ ఇంటికి వచ్చింది సుమారు 1940 ప్రాంతంలో. అప్పుడు నడిచింది పాత ధర్మశాస్త్రం. దత్తత అంటే మగపిల్లాడినే, అదీ సొంత కులంలోంచే. పిండం పెట్టడానికీ ఆస్తి నిలవడానికీ కొడుకు కావాలి, దత్తత ఉన్నదే అందుకు. ఆడపిల్ల, అందులోనూ వేరే కులం అంటే అసలు లెక్కలోకే రాదు.

1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టం వచ్చింది. కులం షరతు పోయింది, ఆడపిల్లని కూడా దత్తత తీసుకోవచ్చన్నారు. బాగానే ఉంది కదా? ఇక్కడే ఉంది తిరకాసు. సెక్షన్ 11 ప్రకారం ఆడపిల్లని దత్తత తీసుకోవాలంటే అప్పటికి మీకు బతికున్న కూతురు గానీ, కొడుకు కూతురు గానీ ఉండకూడదు. ఉపేన్, చారులకి రమ ఉంది. అంటే కొత్త చట్టం కింద కూడా ఆ ఇంట్లో సుజాత కూతురు కాలేదు. "లాంటిది" గానే ఉండాలి.

ఇప్పటికీ ఆ చట్టంలో ఆ షరతు అలాగే ఉంది. దారి తెరిచింది 2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. సొంత పిల్లలు ఎంతమంది ఉన్నా అదే లింగం బిడ్డని దత్తత ఇవ్వొచ్చని అందులో రాశారు. ఇప్పుడు నడుస్తున్నది 2015 చట్టం. 2021 సవరణ తర్వాత దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేట్, అంటే మన కలెక్టరు.

రెండో_ఆట
అందుకేనా సుస్మితా సేన్ రెండో పాప కోసం అన్నేళ్ళు తిరిగింది?

నల్లకోటు
మొదటి పాపని 2000లో, రెండో పాపని 2010లో. ఇద్దరూ ఆడపిల్లలే. ఒకసారి కూతురు ఉన్నాక రెండో కూతురంటే ఈ షరతు దగ్గర అందరికీ చిక్కే. పైగా ఆవిడ పెళ్ళి కాని అమ్మాయి. ఆవిడా బెంగాలీయే కదా, ఈ చర్చలోకి సరిపోయింది.

చెరువుకట్ట
నల్లకోటు గారూ, చట్టం కూతుర్ని చేసుకోనివ్వలేదు, ఒప్పుకుంటాను. బడికి పంపొద్దని కూడా చట్టమే చెప్పిందా?

నల్లకోటు
😐 లేదు.

చెరువుకట్ట
ఇంకో మాట. మీరందరూ దత్తత దగ్గరే ఆగిపోయారు. సుజాతని కూతురనలేకపోయింది పెంచుకున్న పిల్ల కాబట్టి కాదు, ఆ కులంలో పుట్టింది కాబట్టి. అదే పసిగుడ్డు పోయిన బంధువుల పిల్ల అయ్యుంటే చారు మొదటి రోజే చంకనేసుకునేది. అప్పుడు సినిమా పది నిమిషాల్లో అయిపోయేది. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. ఆ నేరం ఇంట్లో జరిగితే మాత్రం దానికి "పెంచుకున్నాం" అని పేరు.

నాకు అసలు కష్టమైంది సుజాత పాత్ర. తన పుట్టుక సంగతి తెలిశాక వానలో ఏటి ఒడ్డుకి చావడానికి వెళ్తుంది. అక్కడ గాంధీ విగ్రహం, దాని మీది మాటలు చూసి వెనక్కి వస్తుంది. చావడానికైనా సిద్ధపడింది గానీ ఒక్కసారి కూడా "నన్నెందుకు ఇలా పెంచారు?" అని గొంతెత్తదు. నోరు లేని పిల్లని చూసి జాలిపడటం తేలిక. మా అమ్మ ఈ సినిమా టీవీలో వచ్చినప్పుడు సగంలో లేచి వెళ్ళి బట్టలు ఆరేసుకుంది. "ఎప్పుడు తిరగబడుతుందా అని చూశాను, ఇంక నా వల్ల కాదు" అంది.

పెంకుటిల్లు
మీ అమ్మగారికి నా నమస్కారం.

పాతరీలు
1959లో నూతన్ తిరగబడితే ఎవరు చూసేవారండీ? ఆ కాలానికి బ్రాహ్మణ కుర్రాడు ఆ పిల్లని పెళ్ళి చేసుకోవడమే పెద్ద మాట. కాన్స్ చిత్రోత్సవంలో కూడా పోటీకి వెళ్ళింది ఆ సినిమా. ఫిల్మ్‌ఫేర్‌లో ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటి, కథ, నాలుగూ దానికే. సుజాత అనే పేరు చూడండి, మంచి పుట్టుక గలది అని అర్థం. ఆ పేరు పెట్టడంలోనే దర్శకుడు చెప్పాల్సింది చెప్పేశాడు.

చెరువుకట్ట
అవార్డులు వద్దనలేదండీ. పెట్టిన పేరు బాగానే ఉంది, పిలిచిన తీరు గురించే నా గొడవ.

గోదారిగట్టు
చెరువుకట్ట గారూ, మీరన్నది మా ఇంట్లో కూడా చూశాను. పాపని తెచ్చిన వారంలో వచ్చిన చుట్టాల్లో ముగ్గురు వేర్వేరుగా నన్ను వంటింట్లోకి పిలిచి అడిగింది ఒకటే, "ఏ కులం పిల్లో కనుక్కున్నారా?" ఆరోగ్యం ఎలా ఉందని ఒక్కరే అడిగారు. అది కూడా మా పనమ్మాయి. కాబట్టి దత్తత వేరు, కులం వేరు అని విడదీయడం నాకు కుదరట్లేదు. మన దగ్గర అవి రెండూ ఒకే గుమ్మంలోంచి లోపలికొస్తాయి.

పుస్తకాల_పురుగు
ఇదే బెంగాల్‌లో, సుజాత కంటే యాభై ఏళ్ళ ముందే టాగోర్ ఈ ప్రశ్నని తలకిందులు చేసి రాశాడు. గోరా నవల. 1910లో పుస్తకంగా వచ్చింది. 1938లో నరేశ్ మిత్ర దాన్ని బెంగాలీలోనే సినిమా తీశాడు, సంగీతం కాజీ నజ్రుల్ ఇస్లాం. పాతరీలు గారూ, ఇది అచ్చంగా బెంగాలీ సినిమా, పేచీ లేదు.

కథేంటంటే, 1857 తిరుగుబాటు గొడవల్లో ఒక ఐరిష్ ఆవిడ ప్రాణభయంతో కృష్ణదయాళ్, ఆనందమయి దంపతుల ఇంట్లో తలదాచుకుని, బిడ్డని కని చనిపోతుంది. పిల్లలు లేని ఆనందమయి ఆ బిడ్డని ఉంచేసుకుంటుంది. ఆ బిడ్డే గోరా. పెద్దయ్యాక వాడేమవుతాడు? మహా ఛాందసుడైన హిందువు. ఎంత ఛాందసమంటే, ఇంట్లో లఛ్మియా అనే క్రైస్తవ దాసి ఉందని సొంత తల్లి గదిలో మంచినీళ్ళు కూడా ముట్టడు. తనెవరో వాడికి తెలియదు. తల్లికి తెలుసు. ఆవిడ మాత్రం వాణ్ణి ఒళ్ళోకి తీసుకున్న రోజే ఆచారాలన్నీ వదిలేసింది. బిడ్డని గుండెకి హత్తుకున్నాక పుట్టుకతో ఎవరికీ కులం ఉండదని తెలిసిపోయిందంటుంది.

నాకు ఆనందమయి, చారు పక్కపక్కన నిలబడ్డ అప్పచెల్లెళ్ళలా కనిపిస్తారు. ఇద్దరి ఒళ్ళోకీ అనుకోకుండా బిడ్డ వచ్చింది. ఒకావిడ బిడ్డ కోసం ఆచారం వదిలింది, రెండో ఆవిడ ఆచారం కోసం బిడ్డని గుమ్మం దగ్గరే నిలబెట్టింది.

ఇంకా ఉంది. గోరా ప్రేమించిన సుచరిత కూడా పెంపుడు పిల్లే. తండ్రి పోతే, బ్రహ్మసమాజం పరేశ్‌బాబు తనని, తమ్ముణ్ణి తెచ్చి సొంత పిల్లల్లా పెంచుతాడు.

సూటిగా_చెప్తా
ఆనందమయి నవల్లో ఉంటుంది. చారు మన వీధిలో ఉంటుంది. అదీ తేడా.

పుస్తకాల_పురుగు
ఒప్పుకుంటున్నా, బాగా అన్నారు 🙂 కానీ అదే నవల్లో తండ్రి కృష్ణదయాళ్ కూడా ఉన్నాడు చూడండి. ఆయన మన వీధిలోవాడే. కొడుకుని అన్నేళ్ళు పెంచి, నిజం ఎప్పుడు చెప్పాడు? జబ్బుచేసి పోతానేమో అని భయం పట్టినప్పుడు. ఎందుకు? తను పోతే గోరా శ్రాద్ధం పెట్టేస్తాడేమో అని! చారుకి రక్తం దగ్గర తేలింది, ఈయనకి పిండం దగ్గర. అవసరం పడ్డప్పుడే లెక్కలు బయటికొస్తాయి.

రెండో_ఆట
గోరా చివర ఏమవుతాడు? స్పాయిలర్ అయినా పర్లేదు, నూరేళ్ళు దాటింది.

పుస్తకాల_పురుగు
ఏ కులానికీ చెందనివాణ్ణని తెలిసి వాడికి పెద్ద బరువు దిగిపోతుంది. తల్లి దగ్గరికొచ్చి, నువ్వే నా భారతదేశం అంటాడు. లఛ్మియాని పిలిచి మంచినీళ్ళు తెమ్మనమంటాడు.

చెరువుకట్ట
ఆ నీళ్ళ గ్లాసు బాగుంది. రక్తం సీసా కంటే వంద రెట్లు నయం.

ఖరగ్‌పూర్_కుర్రాడు
సినిమాలు, నవలలు అయ్యాయి కాబట్టి నేను చూసింది చెప్తాను. (పేరులో కుర్రాడు ఉంది గానీ వయసు 58, నవ్వకండి.)

మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పని మీద ఖరగ్‌పూర్ వచ్చి అక్కడే స్థిరపడ్డారు. అక్కడ మన తెలుగువాళ్ళు బోలెడంతమంది. మా క్వార్టర్ పక్కన ఒక బెంగాలీ కుటుంబం. పిల్లల్లేరు. ఒక ఆడపిల్లని తెచ్చుకున్నారు. బెంగాలీలకి అన్నప్రాశన చాలా పెద్ద పండగ, "ముఖే భాత్" అంటారు. ఆడపిల్లకైతే అయిదో నెలో ఏడో నెలో చేస్తారు. మొదటి ముద్ద పెట్టాల్సింది మేనమామ. పాయేష్, అంటే మన పరమాన్నం, ఆయనే నోట్లో పెట్టాలి.

ఆ ఆంటీ సొంత అన్నయ్య కలకత్తాలోనే ఉన్నాడు. రానన్నాడు. ఎవరి పిల్లో తెలియకుండా నా చేత్తో ముద్ద ఎలా పెడతాను అని కబురు పంపాడు. భోజనాలకి జనం వచ్చేశారు, ఉలుధ్వని (శుభకార్యాల్లో నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని) చెయ్యడానికి ఆడవాళ్ళు రెడీ, పిల్ల ఎర్ర బనారసీ ముక్కలో చుట్టుకుని చందనం బొట్లతో కూర్చుని ఉంది. ముద్ద పెట్టేవాడు లేడు. అప్పుడు ఆంటీ మా ఇంటి గుమ్మంలోకొచ్చి మా నాన్నతో "దాదా, మీరు రండి" అంది. మా నాన్న లుంగీ మీద ఉన్నాడు. పంచె కట్టుకుని వెళ్ళి పెట్టాడు. ఆయనకి సరిగ్గా బెంగాలీ కూడా రాదు, వర్క్‌షాపు బెంగాలీ అంతే.

ఆ రోజు నుంచి ఆ పిల్లకి మా నాన్న "మామా". ఏటా భాయ్‌ఫోటాకి, అంటే అన్నదమ్ములకి అక్కచెల్లెళ్ళు బొట్టు పెట్టే పండక్కి, ఆంటీ మా నాన్నకి చందనం బొట్టు పెట్టేది. ఆ పిల్ల పెళ్ళికి మేనమామ వైపు లాంఛనాలన్నీ మా ఇంటి నుంచే వెళ్ళాయి. మా అమ్మ అందులో ఒక పసుపు చీర, మన పద్ధతిలో గాజులు, పసుపు కుంకుమ కలిపేసింది. మగపెళ్ళివారికి అర్థం కాలేదు గానీ ఏమీ అనలేదు.

గోదారిగట్టు
ఏడిపించారు మీరు.

రెండో_ఆట
సొంత మామ పెళ్ళికైనా వచ్చాడా?

ఖరగ్‌పూర్_కుర్రాడు
వచ్చాడు. భోంచేశాడు. చేపల కూరలో ఆవ ఎక్కువైందన్నాడు.

పెంకుటిల్లు
😂😂 ప్రతి పెళ్ళిలోనూ ఒకడుంటాడు.

పెంకుటిల్లు
నవ్వాక ఒక నవ్వలేని సంగతి చెప్తాను. మా అమ్మమ్మగారింట్లో ఒకామె ఉండేది. మేమంతా అక్కా అనేవాళ్ళం. ఎనిమిదేళ్ళప్పుడు ఎవరో తెచ్చి దింపారట. "పెంచుకున్నాం, మా ఇంట్లో మనిషి లాగే" అనేది అమ్మమ్మ. నిజంగా కొట్టింది లేదు, తిట్టింది లేదు. అందరితో పాటు తిండి, పండక్కి బట్టలు. కానీ తెల్లారుఝామున లేచి కళ్ళాపి చల్లేది తనే, రాత్రి ఆఖరున తినేది తనే. మా పిన్నులు ముగ్గురూ డిగ్రీలు చదివారు. అక్కకి సంతకం వచ్చు, అదీ మా పిన్ని సెలవుల్లో నేర్పింది. పెళ్ళి చేసి పంపారు. ఇంటి రేషన్ కార్డులో పేరు ఎప్పుడూ లేదు. మొన్న పాత ఫోటో దొరికితే చూశాను, అందరం ఉన్నాం, తను చివర గుమ్మానికి ఆనుకుని సగం కనిపిస్తోంది. ఫోటోగ్రాఫరు సరిగ్గా జరగమని కూడా అనలేదు కాబోలు.

గోదారిగట్టు గారు "లాంటిది" అన్నప్పటి నుంచి నాకు "మనిషి లాగే" వినిపిస్తోంది.

చెరువుకట్ట
ఇదే. ఇలాంటి అక్కలు ఊరికి పదిమంది. వాళ్ళ మీద ఎవరూ సినిమా తియ్యలేదు, అధీర్ కూడా రాలేదు.

సూటిగా_చెప్తా
అందరూ నన్ను విలన్ అనుకుంటున్నట్టున్నారు. నేను అడిగేది ఒకటే. ఎంత బాగా పెంచినా పెద్దయ్యాక సొంతవాళ్ళని వెతుక్కుంటూ పోరా? మా కొలీగ్ ఇంట్లో అలాగే జరిగింది. ఆ పెద్దవాళ్ళు ఎంత కుమిలిపోయారో నేను కళ్ళారా చూశాను.

మామిడిటెంక
ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. సూటిగా గారికి జవాబు చెప్పడానికి రాస్తున్నాను. నేను దత్తత వచ్చిన పిల్లని, ఇప్పుడు 34.

వెతికాను. ఇరవై ఆరేళ్ళప్పుడు. పద్దెనిమిది దాటితే అడిగే హక్కు ఉంది, దరఖాస్తు పెట్టుకున్నాను. వెళ్తున్నట్టు అమ్మకి చెప్తే "ఒక్కదానివే ఎందుకు, నేనూ వస్తా" అంది. ఆ సంస్థలో పాత రిజిస్టరు తీశారు. నా గురించి ఒకే ఒక్క లైను. తేదీ, ఆడ, బరువు 2.1 కిలోలు. ఇంకేం లేదు. ఆ లైను మీద వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అమ్మ బయట ఆటోలో ఉంది. ఒకసారి లోపలికొచ్చి, నా మొహం చూసి, రిజిస్టరు చూసి, "రెండుంపావు కూడా లేవు, ఎంత చిన్నదానివే" అంది. అంతే. తర్వాత దారిలో ఆటో ఆపించి ఇడ్లీ తిన్నాం.

వెతకడం అంటే వదిలేసి పోవడం కాదండీ. నా మొదటి పేజీ ఎలా ఉందో చూడాలనిపించింది. మీ కొలీగ్ ఇంట్లో ఆ పిల్లాడికి ఎప్పుడు చెప్పారు? చుట్టాల నోటి నుంచి విన్నాడా?

సూటిగా_చెప్తా
అవును. పెళ్ళి సంబంధాలప్పుడు ఎవరో బంధువు అనేశారు.

మామిడిటెంక
అందుకే కుమిలిపోయారు. వాడు వెతికినందుకు కాదు.

సూటిగా_చెప్తా
...అయ్యుండొచ్చు.

పాతరీలు
ఈ వేదికలో సూటిగా గారు మూడు చుక్కలు పెట్టడం ఇదే మొదటిసారి.

స్లైడ్‌గ్లాస్
నేను బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్ని. ఆలస్యంగా చూశాను. ఇంతమంది ఇంత రాశారు గానీ ఆ రక్తం సీను మీద నా డ్యూటీ నేను చెయ్యాలి.

సొంత పిల్లల రక్తం తల్లికి సరిపోవాలనేమీ లేదు. నాది ఓ, మా ఆయనది ఏబీ. మా పిల్లలు ఒకడు ఏ, ఒకతి బీ. ఈ జంటకి ఓ పుట్టదు, ఏబీ పుట్టదు. రేపు నేను మెట్ల మీంచి పడితే నా కడుపున పుట్టిన ఇద్దరిలో ఒక్కరి రక్తమూ నాకు ఎక్కించడానికి వీల్లేదు. రోడ్డు మీద పోయే ఓ గ్రూపువాడే దిక్కు.

ఇంకా అసలు సంగతి. గ్రూపు కలిసినా సరే, కన్నపిల్లల రక్తాన్ని తల్లిదండ్రులకి ఎక్కించడానికి ఇప్పుడు మేం వెనకాడతాం. దగ్గర రక్తసంబంధంలో దాత తెల్లకణాలని రోగి ఒళ్ళు పరాయివని గుర్తుపట్టకపోవచ్చు. అవి లోపల స్థిరపడి రోగి శరీరం మీదే దాడి చేస్తాయి. అరుదే, కానీ వస్తే బతకడం కష్టం. అందుకే తప్పనిసరైతే ఆ రక్తాన్ని రేడియేషన్‌కి పెట్టి గానీ ఇవ్వం. అంటే చారుకి రమ రక్తం కంటే సుజాత రక్తమే సేఫ్. పరాయి రక్తం కాబట్టే పనికొచ్చింది.

పుస్తకాల_పురుగు
ఓహో! అంటే బిమల్ రాయ్ తెలియకుండానే రక్తసంబంధం ప్రమాదకరం అని సినిమా తీసేశాడు.

రెండో_ఆట
సూటిగా గారూ, ఉన్నారా? 😂

సూటిగా_చెప్తా
ఉన్నా. ల్యాబు వాళ్ళతో నేను వాదించను.

నల్లకోటు
ఆస్తి దావాల్లో సొంత కొడుకులు చేసేది కూడా ఇంచుమించు ఆ తెల్లకణాల పనే.

గోదారిగట్టు
స్లైడ్‌గ్లాస్ గారి పోస్టు నిన్న రాత్రి భోజనాల దగ్గర పైకి చదివాను. అత్తగారు, మా ఆయన, పాప అందరూ ఉన్నారు. పాప మర్నాటికల్లా మా అందరి గ్రూపులూ కనుక్కోమని పట్టుబట్టింది. నావీ, ఆయనవీ పాత రిపోర్టుల్లో దొరికాయి. పాపది, అత్తగారిది ఇవాళ పొద్దున ల్యాబులో చూపించాం. పాపది బీ పాజిటివ్. అత్తగారిది ఏ పాజిటివ్.

ఇంటికొచ్చాక పాప ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, "అంటే నానమ్మకి నా రక్తం పనికిరాదు కదా?" అంది. పనికిరాదమ్మా అన్నాను. "హమ్మయ్య" అని టీవీ దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంజక్షనంటే భయం దానికి.

అత్తగారు మాత్రం ఆ కాగితాలు తీసుకుని చదివారు. పాప రిపోర్టు మీద ఇంటిపేరు ఒక అక్షరం తప్పు పడింది. సాయంత్రం మా ఆయన్ని వెంటబెట్టుకుని ఆ ల్యాబుకి వెళ్ళి దిద్దించుకొచ్చారు. ఆటోకి ఎనభై రూపాయలట, రానూపోనూ. ఇంకా దాని మీదే విసుక్కుంటున్నారు.